పొద్దుతిరుగుడు పుట్టిల్లు

మన నల్లరేగడి చేలకు పొద్దుతిరుగుడు నూనెపంటగా వచ్చింది రష్యా దారిలో. 1969లో సోవియట్ యూనియన్ నుంచి తెప్పించిన రకాలతోనే ఇక్కడ దాని కథ మొదలైంది. అందుకే చాలామంది దీన్ని రష్యా పంట అనుకుంటారు. కానీ రష్యా దీనికి మెట్టినిల్లు. పుట్టిల్లు ఉత్తర అమెరికా. అడవి మొక్కగా ఉన్నదాన్ని చేలోకి తెచ్చి పంటగా తీర్చింది అక్కడి ఆదివాసులు. కొలంబస్ ఓడ ఎక్కడానికి నాలుగు వేల ఏళ్లకు పైగా ముందే వాళ్లు ఆ పని మొదలుపెట్టారు.

అడవి పొద్దుతిరుగుడు ఇప్పటికీ అమెరికాలో రోడ్ల పక్కన, బీళ్లలో కలుపులా పెరుగుతుంది. చూస్తే మన చేలో మొక్కకు చుట్టమని వెంటనే తట్టదు. ఒంటినిండా కొమ్మలు, కొమ్మ కొమ్మకూ చిన్న పువ్వు. అన్నీ ఒకేసారి పండవు. పండిన గింజ పండినట్టే రాలిపోతుంది. రాలినవన్నీ ఒకే ఏడాది మొలకెత్తవు, కొన్ని నేలలోనే ఆగి ఉంటాయి. గింజ పొడవు అయిదు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. మొక్కకు ఇవన్నీ బతుకు తెలివితేటలే: ఒక్క కరువుకు వంశం మొత్తం పోకుండా కాపాడతాయి. కోసుకుని తినే మనిషికి మాత్రం ప్రతి ఒక్కటీ నష్టమే.

మరి ఆ మొక్క ఒకే కాండం, ఒకే పెద్ద పువ్వు ఉన్న మొక్కగా ఎలా మారింది? ఇండియానా విశ్వవిద్యాలయంలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త చార్లెస్ హైజర్ జీవితంలో ఎక్కువ భాగం ఈ ప్రశ్నకే ఇచ్చాడు. మనుషులు మకాం వేసి తవ్వి కదిలించిన నేలలో ఈ మొక్క కలుపుగా చేరి ఉంటుందనీ, అలా ఇంటి దగ్గరికి వచ్చాకే వాళ్ల కళ్లలో పడిందనీ ఆయన ఊహ. ఆ తర్వాత పనంతా కోతలోనూ విత్తులోనూ జరిగింది. రాలిపోయిన గింజ బుట్టలోకి రాదు. రాలకుండా నిలిచినదే వస్తుంది, మరుసటి ఏడాది విత్తనమూ అదే అవుతుంది. విత్తగానే మొలిచినదే కోతకు అందుతుంది. లావు గింజ, పెద్ద పువ్వు ఎవరైనా ఏరి దాచుకునేవే. ఈ ఎంపిక తరాల తరబడి సాగింది. గింజ సైజు లాంటి లక్షణాల వెనక చిన్న చిన్న ప్రభావం చూపే జన్యువులు చాలా ఉన్నాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఒక్క జన్యువు మారితే వచ్చిన మార్పు కాదిది.

దీనికి సాక్ష్యం బొగ్గయిన గింజలు. టెనెసీలోని హేస్ అనే చోట తవ్వకాల్లో సుమారు 4,800 ఏళ్ల నాటి మాడిన గింజలు దొరికాయి. అవి అడవి గింజల కన్నా పెద్దవి. కెంటకీలోని సాల్ట్స్ గుహలో ఇంకా సూటి సాక్ష్యం ఉంది. అక్కడ ఎండిపోయి మిగిలిన మనిషి మలంలోనే పొద్దుతిరుగుడు గింజల పొట్టు కనిపించింది. 2001లో మెక్సికోలోని టబాస్కోలో దొరికిన పాత గింజలతో, ఈ పంట అక్కడే పుట్టిందన్న వాదం లేచింది. కొన్నేళ్లు గట్టి చర్చే నడిచింది. 2011లో వెలువడిన జన్యు అధ్యయనం మెక్సికో నాటు రకాలను కూడా కలిపి చూసి, సాగు పొద్దుతిరుగుడు పుట్టిన చోటు తూర్పు ఉత్తర అమెరికా ఒక్కటేనని తేల్చింది. నాకు ఆ తీర్పే సబబుగా కనిపిస్తుంది.

ఆ రైతుల పేర్లు మనకు మిగల్లేదు. వాళ్ల సేద్యం ఎలా ఉండేదో కొంత ఊహించుకోవడానికి చాలా తర్వాతి కాలపు ఆధారం ఒకటి ఉంది. మిస్సోరీ నది ఒడ్డున బతికిన హిడాట్సా తెగలో సేద్యం ఆడవాళ్లది. వారిలో బఫలో బర్డ్ వుమన్ అనే పెద్దావిడ తన పంటల గురించి చెప్పిన విషయాలు 1917లో పుస్తకంగా వచ్చాయి. వసంతంలో మొట్టమొదట విత్తేది పొద్దుతిరుగుడే, అన్నిటికన్నా చివర కోసేదీ అదే. నలుపు, తెలుపు, ఎరుపు, చారలవి అని గింజ రంగును బట్టి రకాలుండేవి. ఏ ఇంటికి నచ్చిన రకం ఆ ఇంట్లో వేసుకునేవారు, నల్ల గింజకు నల్లదే పండేది. అంటే రకం కలిసిపోకుండా కాపాడుకోవడం వాళ్లకు బాగా తెలుసు. వేయించి దంచిన గింజల పిండితో ఉండలు చేసేవారు. యుద్ధానికి వెళ్లే మనిషి ఆ ఉండ ఒకటి తోలుసంచిలో పెట్టుకుని, అలిసినప్పుడు కొంచెం కొరికేవాడు.

ఈ మొక్క 16వ శతాబ్దంలో స్పెయిన్ చేరి, ఐరోపా తోటల్లో చాలాకాలం అందానికే పెరిగింది. నూనె సంగతి రష్యాలో ఊపందుకుంది. 1829లో అలెక్సేయెవ్కాలో బొకర్యోవ్ అనే రైతు గింజల నుంచి నూనె తీశాడు. తర్వాత క్రాస్నొదార్‌లో వసీలీ పుస్తొవోయిత్ దశాబ్దాల కృషితో గింజలో మూడో వంతు ఉండే నూనెను సగం దాకా పెంచాడు.

ఆ తర్వాతి మలుపు మళ్లీ అడవి మొక్క నుంచే వచ్చింది. ఒక్కో పువ్వులో వెయ్యికి పైగా చిట్టిపూలుంటాయి. వాటి పుప్పొడి చేత్తో తీసి హైబ్రిడ్ విత్తనం చేయడం పొలం స్థాయిలో అయ్యే పని కాదు. 1969లో ఫ్రాన్స్‌కు చెందిన లెక్లెర్క్, ‘హీలియాంథస్ పెటియోలారిస్’ అనే అడవి జాతితో సంకరం చేసి, పుప్పొడి రాని మొక్కలు సాధించాడు. 1980లో బెంగళూరు నుంచి వచ్చిన మన తొలి హైబ్రిడ్ బీఎస్‌హెచ్-1 మొదలు, నేడు సంచుల్లో అమ్మే హైబ్రిడ్ విత్తనం దాదాపు అంతా ఆ అడవి మొక్క కణద్రవ్యాన్ని మోస్తున్నదే. తెగుళ్లను తట్టుకునే గుణాల కోసమూ శాస్త్రవేత్తలు వెతికేది ఆ అడవి బంధువుల్లోనే. కాబట్టి ఆ జాతుల విత్తనాలను సేకరించి భద్రపరిచే పనికి డబ్బూ మనుషులూ తగ్గకుండా మన ప్రభుత్వాలు, పరిశోధన సంస్థలు చూడాలి.