వంగే నడుము, వంగని నడుము

ఎముకల ఫ్లోరోసిస్‌ను అనుమానించడానికి గ్రామాలలో చేయించే పరీక్షలు మూడు. మోకాళ్లు మడవకుండా వంగి నేలమీది నాణెం తీయాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి. చేతులు ప్రక్కలకు చాచి, మోచేతులు మడిచి, తల వెనుక భాగాన్ని తాకాలి. ఆరోగ్యవంతులకు ఇది పిల్లలాట. మా మర్రిగూడ మండలంలో దశాబ్దాలు బోరు నీరే త్రాగిన ఎందరో పెద్దలకు అసాధ్యం. ఇదే మండలంలోని శివన్నగూడెం వాసి, 2023 జనవరిలో మరణించిన అంశల స్వామి వంకరపోయిన దేహం ఈ బాధను లోకానికి చూపింది. శరీరం వంగడం, సాగడం ఎంతటి దైవానుగ్రహమో ఇక్కడివారికి వేరే చెప్పనవసరం లేదు.

నమాజును వ్యాయామంగా ప్రచారం చేయడం మాకు సమ్మతం కాదు. అది ఆరాధన. అయినా ఫర్జ్ నమాజులలోనే రోజుకు 17 రుకూలు, 34 సజ్దాలు ఉన్నాయి. రుకూలో వీపును సమంగా ఉంచితే తొడల వెనుక కండరాలు సాగుతాయి. కూర్చున్నప్పుడు తొడల ముందు భాగం, చీలమండలు సాగుతాయి. కోడి గింజలు పొడిచినట్లు సజ్దాలు చేసేవారు పుణ్యాన్నీ పోగొట్టుకుంటారు, ఈ మేలునూ పోగొట్టుకుంటారు.

అయితే భుజాలకు, మెడకు ఇది చాలదు. గంటల తరబడి రిహాల్ మీదికి వంగే హిఫ్జ్ విద్యార్థులను మేము మధ్యమధ్య లేపి చేతులు పైకి చాపిస్తాము. కుట్టుమిషను ముందు కూర్చునే స్త్రీలకూ ఇది అవసరమే. మధుమేహం ఉన్నవారికి భుజాలు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. ఫజ్ర్ తరువాత ఐదు నిమిషాలు నడిచి, ఒంట్లో వేడి పుట్టాక, ఒక్కొక్క కండరాన్ని 20–30 సెకన్లు సాగదీసి ఉంచాలి. పెద్దలు నిమిషం వరకు ఉంచవచ్చు. కుదుపులు కూడదు. ఊపిరి బిగబట్టకూడదు. లాగినట్లు ఉండాలే గాని నొప్పి పుట్టకూడదు. వారంలో రెండు మూడు రోజులైనా చేస్తే కీళ్ల కదలిక మెరుగవుతుంది.

ఫ్లోరైడ్ బిగువు వేరు. అక్కడ కండరం ముడుచుకోలేదు. ఎముకలను కలిపే స్నాయువులలో సున్నం పేరుకొని అవే గట్టిపడ్డాయి. సాగదీస్తే అది కరగదు. బలవంతంగా వంచితే ఎముక విరగవచ్చు. అటువంటివారు వైద్యుని సలహా లేకుండా ఏ ఆసనమూ, ఏ మాలిషూ చేయించుకోరాదు.

వారి నమాజు మాటేమిటి? నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు ప్రక్కకు ఒరిగి చేయమని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బోధించారు. సజ్దా చేయలేనివారు సైగతో చేయాలి; రుకూ సైగకన్నా సజ్దా సైగ కొంచెం క్రిందికి ఉండాలి. మస్జిదులో కుర్చీ చూసి ముఖం చిట్లించేవారు, దానిపై కూర్చున్న మనిషి ఎన్నేళ్లు ఏ నీరు త్రాగాడో ఒకసారి ఆలోచించాలి. కుర్చీ వేయించుకోవడానికి సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోయిన పెద్దలను తోడ్కొని రావడం వారి మనుమల బాధ్యత.

ఇక పిల్లల విషయం. నేడు నల్లాలలో కృష్ణా నీరు వస్తున్నది. అది రాని రోజున బోరు నీటిని కాచి వాడుకుందామని కొందరు తల్లులు అనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు ఇగిరేకొద్దీ మరింత చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని త్రాగడానికే కాదు, అన్నం, పప్పు వండడానికీ వాడకూడదు. అందుకే నల్లా వచ్చిన రోజే రెండు బిందెలు అదనంగా పట్టి మూతపెట్టి ఉంచండి.