సరిచూడాల్సింది ముందు రంపాన్నే

నేర్పున్న వడ్రంగి కూడా ఒక్కోసారి చెక్కను తప్పు పడతాడు. కొలత సరిగానే తీశాడు, గీత సరిగానే గీశాడు. అయినా చట్రం మూలల్లో సందు కనబడుతోంది. ఆ సందును లప్పంతో పూడ్చి రంగేస్తే చూసేవారి కళ్లకు తెలియకపోవచ్చు. కానీ లోపం ఎక్కడుందో వెదకకపోతే రేపటి చట్రంలోనూ అదే సందు వస్తుంది. చాలాసార్లు ఆ లోపం చెక్కలో ఉండదు, చేతిలోనూ ఉండదు. కోసే యంత్రంలోనే ఉంటుంది.

నాలుగు మూలల చట్రానికి 45 డిగ్రీల కోతలు ఎనిమిది కావాలి. ఒక్కో కోత అర డిగ్రీ తప్పినా అన్నీ కలిసి చివరి మూలలో 4 డిగ్రీలవుతాయి. చిన్న తప్పేగదా అని విడిచిపెడితే, అది చిన్నదిగా ఉండిపోదు.

గుండ్రటి రంపం చరిత్రలో ఒక విశ్వాసుల సంఘం పేరు కూడా వినబడుతుంది. 1774లో ఇంగ్లండు నుంచి అమెరికా చేరిన షేకర్లు ప్రార్థనకూ చేతిపనికీ సమాన గౌరవమిచ్చారు. వారు చేసిన కుర్చీలు, బల్లలు ఇప్పటికీ పేరున్నవే. మసాచుసెట్స్‌లోని హార్వర్డ్ గ్రామంలో ఉన్న షేకర్ సోదరి టబితా బాబిట్, ఇద్దరు మనుషులు రంపం లాగుతుండగా చూసి, వెనక్కి లాగేటప్పుడు సగం శ్రమ వృథా అవుతోందని గుండ్రటి రంపాన్ని ఆలోచించిందని వారి సంప్రదాయం చెబుతుంది. అయితే ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ 1777లోనే ఇలాంటి రంపపు యంత్రానికి పేటెంటు పొందాడు కాబట్టి, మొదట కనిపెట్టింది ఆమేనని చెప్పలేం. పొరుగువాడి శ్రమ చూసి ఊరుకోలేని మనసు మాత్రం మనం నేర్చుకోదగినదే.

మరి రంపపు బల్లను సరిచేయడం ఎలా? మొదట కరెంటు ప్లగ్గు తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు. తర్వాత మన చేతిలోని మూలమట్టాన్నే పరీక్షించాలి. తిన్నని అంచున్న పలకపై దాన్ని ఆనించి గీత గీసి, మూలమట్టాన్ని రెండోవైపు తిప్పి అదే చోట మరో గీత గీయాలి. రెండు గీతలూ కలిస్తే అది నమ్మదగినది. విడిపోతే దానితో దేనినీ కొలవకూడదు. వంకర కొలబద్దతో యంత్రాన్ని సరిచేయబోతే ఉన్న తప్పుకు ఇంకో తప్పు తోడవుతుంది.

బల్లపై చెక్కిన గాడి కదలదు. కాబట్టి మిగతావన్నీ దానికే సరిపోవాలి. బ్లేడును పూర్తిగా పైకెత్తి ఒక పంటికి గుర్తు పెట్టాలి. ఆ పన్ను ముందువైపు ఉన్నప్పుడు గాడి నుంచి దాని దూరం చూడాలి. బ్లేడును చేత్తో తిప్పి అదే పంటిని వెనకవైపుకు తెచ్చి మళ్లీ చూడాలి. వేరే పంటిని కొలిస్తే బ్లేడులోని వంపు కూడా లెక్కలో కలిసి మోసపోతాం. రెండు కొలతల తేడా 0.1 మిల్లీమీటరు దాటకుండా చూసుకోవాలి. దాటితే బ్లేడు ఇరుసును పట్టే భాగాల బోల్టులు వదులు చేసి సవరించాలి. కొన్ని యంత్రాల్లో బల్ల పలకనే జరపాలి. బోల్టులు బిగించాక మరోసారి కొలవడం మరవకూడదు. బిగింపులోనే అది జరిగిపోతుంటుంది.

తర్వాత చెక్కకు దారి చూపే ఫెన్స్‌ను ఆ గాడికే సమాంతరంగా నిలపాలి. ఫెన్స్ వెనక కొస బ్లేడు వైపు ఒరిగితే చెక్క ఆ రెండింటి మధ్య నలుగుతుంది. బ్లేడు వెనక పళ్లు పైకి లేస్తూ మనవైపే వస్తాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 సార్లు తిరిగితే ఆ పళ్ల వేగం గంటకు 190 కిలోమీటర్లు దాటుతుంది. నలిగిన చెక్కను అవి ఎత్తి నిలబడ్డవాడి మీదికి విసురుతాయి. చెయ్యి బ్లేడు మీదికి లాగబడేదీ అలాంటప్పుడే. అందుకే బ్లేడు వెనక, దానికి సూటిగా, దగ్గరగా నిలిచే రైవింగ్ నైఫ్ అనే ఇనుప రేకును అడ్డంగా ఉందని తీసి పక్కన పడేయకూడదు. కోసిన చెక్క మూసుకుని బ్లేడును పట్టేయకుండా ఆపేది అదే.

ఇక బ్లేడు బల్లకు నిటారుగా ఉందో లేదో మూలమట్టంతో చూడాలి. మూలమట్టాన్ని బ్లేడు రేకుకు ఆనించాలి గానీ పళ్లకు కాదు. చివరగా, రెండు అంచులూ సమాంతరంగా ఉన్న పలకను అడ్డంగా కోసి, ఒక ముక్కను బోర్లా తిప్పి, రెండింటినీ తిన్నని అంచుకు ఆనించి కోసిన కొసలు కలపాలి. సందు లేకపోతే కోత సరైనది. సందుంటే అది అసలు తప్పుకు రెండింతలుగా కనబడుతుంది. దాచుకున్న తప్పును బయటపెట్టే ఈ పరీక్షకు ఒక చిన్న పలక ముక్క చాలు.

ఇదంతా చేయడానికి ఒక పూట పడుతుంది. పని తొందరలో ఉన్న యజమానికి అది నష్టంగా తోచవచ్చు. కానీ ఆ బల్ల ముందు రోజంతా నిలబడేది కూలికి వచ్చిన కుర్రవాడు. ఫెన్స్ ఒరిగిందో లేదో అతనికి తెలియదు, అడిగే ధైర్యమూ ఉండకపోవచ్చు. మన ఇంటికో, మందిరానికో బల్లలు చేయించేటప్పుడు ధర బేరమాడతాం, నునుపు చూస్తాం. రంపం సరిచూశారా, రైవింగ్ నైఫ్ ఉందా అని కూడా ఒక మాట అడుగుదాం. చక్కటి బల్ల వెనక ఒకరి వేళ్లు పోయి ఉండకూడదు. సరైన కోత చెక్కకు మాత్రమే మేలు కాదు, దాన్ని కోసే పొరుగువాడికీ కాపుదలే.