విశాఖపట్నం ఇళ్ళలో సిమెంటు మరమ్మత్తులు

గృహాలలో కాంక్రీటు, గోడపూత, గచ్చు దెబ్బతిన్నపుడు వాటిని సిమెంటు, ఇసుక, ఇతర మిశ్రమాలతో తిరిగి బాగుచేయడాన్ని సిమెంటు మరమ్మత్తు అంటారు. విశాఖపట్నం ఓడరేవు నగరమే కాక ఉక్కు నగరం కూడా. అందువలన ఇక్కడ ఈ విషయానికి రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. సముద్రపు ఉప్పుగాలి ఇళ్ళలోని ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది. ఆ తుప్పును ఆలస్యం చేయగల ఒక రకం సిమెంటుకు కావలసిన ముడిసరుకు ఇక్కడి ఉక్కు కర్మాగారంలోనే ఉపోత్పత్తిగా లభిస్తుంది.

దెబ్బతినడానికి కారణాలు

కొత్త కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ. దానివలన లోపలి చువ్వలపై పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. గాలిలోని లవణాలు చెమ్మతో పాటు లోనికి చేరితే ఈ పొర చెడిపోతుంది. బొగ్గుపులుసు వాయువు క్షారగుణాన్ని తగ్గించడం మరొక కారణం. తుప్పు ఇనుము కంటే ఎక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు పగిలి, పెచ్చులుగా ఊడిపోతుంది. సన్‌షేడ్లు, బాల్కనీలు, స్నానాల గది పైకప్పులలో ఇది తరచుగా కనిపిస్తుంది. భారత ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) ప్రకారం తీరప్రాంతపు గాలికి గురయ్యే కాంక్రీటులో చువ్వలపై కనీసం 45 మి.మీ. మందం కాంక్రీటు ఉండాలి.

సిమెంటు రకాలు

* సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు: త్వరగా బలం పుంజుకుంటుంది.
* స్లాగ్ సిమెంటు: బ్లాస్ట్ ఫర్నేసులో కరిగిన ఇనుముపై తేలే మడ్డిని నీటితో హఠాత్తుగా చల్లార్చితే ఇసుక వంటి రేణువులు ఏర్పడతాయి. ఈ సిమెంటులో వాటి పాలు 25 నుండి 70 శాతం వరకు ఉండవచ్చు. ఇది లవణాల ప్రవేశాన్ని బాగా అడ్డుకుంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలోని ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు.
* పొజొలానా సిమెంటు: ఇందులో థర్మల్ విద్యుత్కేంద్రాల బూడిద 15 నుండి 35 శాతం కలుపుతారు.

చివరి రెండు రకాలు నెమ్మదిగా గట్టిపడతాయి కనుక ఎక్కువ రోజులు తడపాలి. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, వీటికి కనీసం 10 రోజులు అవసరం.

మరమ్మత్తు విధానం

ముందుగా సుత్తితో తట్టి చూడాలి. బోలు శబ్దం వచ్చిన చోట కాంక్రీటు పట్టు విడిచిందని అర్థం. ఆ భాగాన్ని చువ్వల వెనుక వరకు తొలగించి, తుప్పును వైరు బ్రష్షుతో శుభ్రం చేయాలి. చువ్వ బాగా సన్నబడితే ఇంజనీరు సలహాతో కొత్త చువ్వ జోడించాలి. పెద్ద భాగాన్ని తొలగించేముందు స్లాబుకు ఆధారాలు నిలపాలి. తరువాత చువ్వలకు తుప్పు నిరోధక పూత వేస్తారు. పాత కాంక్రీటుకు పాలిమర్ కలిపిన సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే మరమ్మత్తు మిశ్రమాన్ని నింపుతారు. ఈ మిశ్రమాలను తడపడంలో తయారీదారు సూచనలు పాటించాలి.

తుప్పును అలాగే వదిలి పైపైన పూత వేస్తే అది మళ్ళీ ఊడిపోతుంది. ఉప్పు చేరిన కాంక్రీటును పూర్తిగా తీయకపోతే అతుకు అంచుల వద్ద కొత్తగా తుప్పు మొదలవుతుంది. సముద్రపు ఇసుకను ఉప్పు కారణంగా వాడరాదు.

అద్దె ఇళ్ళు

అద్దె ఇళ్ళలో ఖర్చు ఎవరిదన్న వివాదంతో మరమ్మత్తు ఆలస్యమైతే, ఊడిపడే పెచ్చులు నివసించేవారి ప్రాణానికే ముప్పు కావచ్చు. ఆస్తి బదిలీ చట్టం (1882) లోని 108వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనపుడు, యజమాని తాను చేయించవలసిన మరమ్మత్తును నోటీసు ఇచ్చిన తరువాత కూడా తగిన వ్యవధిలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. యజమాని అనుమతి లేకుండా శాశ్వత కట్టడాలు మాత్రం నిర్మించరాదు. అద్దె ఒప్పందంలో స్లాబు, గోడల మరమ్మత్తుల బాధ్యతను స్పష్టంగా వ్రాసుకోవడం ఇరువురికీ మేలు.

జాగ్రత్తలు

తడి సిమెంటు చర్మాన్ని కాల్చుతుంది. రబ్బరు తొడుగులు, కళ్ళజోడు, దుమ్ము లోనికి పోకుండా ముసుగు ధరించాలి. సిమెంటు కంటిలో పడితే వెంటనే ఎక్కువ నీటితో కడిగి వైద్యుని సంప్రదించాలి.