విదేశాల్లో బస్సు ప్రయాణం: సామాను పోతే బాధ్యత ఎవరిది?

ఐరోపాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న భారతీయుల్లో పలువురు ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లేందుకు రాత్రి బస్సులను ఆశ్రయిస్తుంటారు. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లిన విద్యార్థులూ వారిలో ఉన్నారు. టికెట్ ధర అందుబాటులో ఉండటమే ఇందుకు ముఖ్య కారణం. అయితే పెట్టె కనిపించకుండా పోయినప్పుడు, విమాన ప్రయాణికునికి ఉన్న రక్షణే బస్సు ప్రయాణికునికీ ఉంటుందనుకోవడం పొరపాటు.

విమానంలో అప్పగించిన సామాను పోతే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారతదేశం కూడా ఇందులో భాగస్వామి. ఈ ఒప్పందం ప్రకారం సామాను పోయినా, దెబ్బతిన్నా, ఆలస్యంగా చేరినా విమానయాన సంస్థ నిర్ణీత పరిమితికి లోబడి బాధ్యత వహించాలి. బస్సుల విషయంలో పరిస్థితి వేరు.

ఐరోపా సమాఖ్యలో బస్సు ప్రయాణికుల హక్కులను 181/2011 నిబంధన నిర్దేశిస్తోంది. ఇది 2013 మార్చి 1 నుంచి అమలులో ఉంది. ఇందులోని ప్రధాన హక్కులు 250 కిలోమీటర్లు, అంతకు మించిన దూరం నడిచే రెగ్యులర్ సర్వీసులకు వర్తిస్తాయి. బస్సు ప్రమాదానికి గురై సామాను పోయినా, పాడైనా ప్రయాణికుడు పరిహారం పొందవచ్చు. ఆయా దేశాల చట్టాలు ఈ పరిహారానికి గరిష్ఠ పరిమితి విధిస్తే, అది ఒక్కో లగేజీకి 1,200 యూరోలకు తగ్గరాదు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ రక్షణ ప్రమాదాలకే పరిమితం. మధ్య స్టాపులో ఎవరైనా పెట్టె దించుకుపోయినా, ఒకరి సంచి మరొకరు పొరపాటున తీసుకెళ్లినా ఈ నిబంధన కింద పరిహారం రాదు. అటువంటప్పుడు టికెట్ షరతులు, ఆయా దేశాల చట్టాలే ఆధారమవుతాయి. అందుకే టికెట్ కొనేముందే సామానుకు సంబంధించిన షరతులు చదవటం అవసరం.

ఆలస్యం విషయంలో హక్కులు మరింత స్పష్టంగా ఉన్నాయి. టెర్మినల్ నుంచి బస్సు బయలుదేరడం 120 నిమిషాలకు మించి ఆలస్యమైనా, సర్వీసు రద్దయినా, టికెట్ సొమ్ము వాపసు లేదా ప్రత్యామ్నాయ ప్రయాణం కోరుకునే అవకాశం ప్రయాణికునికి ఇవ్వాలి. ఇవ్వకపోతే సొమ్ము వాపసుతో పాటు టికెట్ ధరలో 50 శాతం పరిహారంగా చెల్లించాలి. బస్సు దారిలో చెడిపోతే మరో వాహనాన్ని ఏర్పాటు చేయాలి, లేదా ప్రయాణం కొనసాగించడానికి వీలున్న చోటికి ప్రయాణికులను చేర్చాలి.

విశ్రాంతి కోసం బస్సు ఆగే చోట్ల మరో చిక్కు ఎదురవుతుంది. సమాఖ్య నిబంధనల ప్రకారం డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపిన తరువాత 45 నిమిషాలు విరామం తీసుకోవాలి. ఆ సమయంలో దిగిన ప్రయాణికుడు తిరిగి రావటం ఆలస్యమైతే బస్సు వెళ్లిపోవచ్చు. డిక్కీలోని సామాను కూడా దానితోనే వెళ్లిపోతుంది. దిగేముందు బయలుదేరే సమయం అడిగి తెలుసుకోవటం, బస్సు నంబరును ఫోటో తీసుకోవటం మేలు.

పాస్‌పోర్టు, నివాస అనుమతి పత్రం, మందులు, ల్యాప్‌టాప్, నగదు డిక్కీలో పెట్టరాదు. షెంగెన్ దేశాల మధ్య సాధారణంగా సరిహద్దు తనిఖీలు లేకపోయినా, పోలీసులు బస్సును ఆపి పత్రాలు అడగవచ్చు. పెట్టెపై పేరు, ఫోన్ నంబరు రాసి, దాని ఫోటో, లగేజీ ట్యాగు భద్రపరచుకోవాలి. సామాను కనిపించకపోతే వెంటనే డ్రైవరుకు చెప్పి, సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. దొంగతనమని అనుమానం ఉంటే పోలీసు ఫిర్యాదు ప్రతి తీసుకోవాలి. ప్రయాణ బీమా సంస్థలు సాధారణంగా దానినే అడుగుతాయి.

పాస్‌పోర్టు కూడా పోతే పోలీసు ఫిర్యాదుతో సమీప భారత రాయబార కార్యాలయాన్ని గానీ, కాన్సులేట్‌ను గానీ సంప్రదించాలి. అత్యవసరంగా స్వదేశానికి రావలసిన వారికి అక్కడ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ జారీ చేస్తారు. అయితే అది భారత్‌కు ఒక్కసారి తిరిగి రావడానికే చెల్లుతుంది. చదువో, ఉద్యోగమో అక్కడే కొనసాగించదలచిన వారు కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది. పాస్‌పోర్టు, వీసా నకళ్లను ఫోనులోనే కాక, ఇంట్లో ఒకరి వద్ద కూడా ఉంచితే ఈ పని సులభమవుతుంది.