డిసెంబరు మధ్యలో మన ఇళ్లు

నవంబరు 1కి అప్లికేషన్ పంపేశాక పోర్టల్ చుట్టూ తిరిగేది పిల్లలా, మనమా? మా ఇంట్లో అయితే నేనే. ఎర్లీ డెసిషన్ కదా, సీటొస్తే చేరాల్సిందే. ఆ మాట అమ్మకి ఒక్కదానికే చెప్పాను, గుంటూరు పెద్దమ్మ దాకా పాకింది. ఇప్పుడు రోజూ "ఏమైందే?" అని ఫోన్లు. వాటి మధ్య మావాడికి అన్నం సహించడం లేదు.

'డిఫర్' అని వస్తే కాదన్నట్టు కాదండీ. మిగతా పిల్లల అప్లికేషన్లతో కలిపి మళ్లీ చూస్తారు. జవాబు వసంతంలోనే. కానీ వేరే కాలేజీల గడువు చాలావరకు జనవరి మొదట్లోనే. ఆ ఎస్సేలు ఇప్పుడే రాయించండి. కాదన్న రోజున కూర్చోబెడితే ఏ పిల్లకీ చెయ్యి ఆడదు.

మావాడు తలుపేసుకుని ఒక్కడే చూస్తానన్నాడు. మనసొప్పకపోయినా సరేనన్నాను. వాడు చెప్పమనేదాకా అమ్మకి కూడా ఫోన్ చెయ్యను.