64 జీబీ కొంటే 59 ఎందుకు చూపిస్తుంది?

పెళ్లి వీడియో, ఫొటోలు దాచుకుందామని 64 జీబీ పెన్‌డ్రైవ్ కొని తెస్తారు. కంప్యూటర్‌కి పెట్టి చూస్తే 59 జీబీ చిల్లర కనిపిస్తుంది. 1 టీబీ, అంటే వెయ్యి జీబీల హార్డ్‌డిస్క్ తెచ్చుకుంటే అది 931 దగ్గర ఆగిపోతుంది. ఇంకేముంది! "కొట్టువాడు మోసం చేశాడు" అని మనం, "చూసుకుని కొనొద్దూ?" అని ఇంట్లోవాళ్లు. ఆ కొట్టువాడి మీదికి వెళ్లేముందు ఈ లెక్క ఒక్కసారి చూడండి. సరుకేమీ తగ్గలేదు. కొలిచే కుంచాలే రెండున్నాయి.

మనకు కిలో అంటే వెయ్యి. కిలో కందిపప్పు వెయ్యి గ్రాములు, కిలోమీటరు వెయ్యి మీటర్లు. కంప్యూటర్‌లో సరుకుని బైట్లలో కొలుస్తారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. మన తెలుగు అక్షరానికి మామూలుగా మూడు కావాలి, గుణింతాలు, ఒత్తులు చేరితే ఇంకా ఎక్కువ.

అయితే కంప్యూటర్‌కి తెలిసినవి రెండే గుర్తులు, సున్నా, ఒకటి. అందుకని దానికి అన్నీ రెట్టింపుల లెక్కలే. మీరు చీర మడతపెడుతున్నారనుకోండి. ఒకసారి సగానికి మడిస్తే 2 పొరలు, రెండోసారి 4, మూడోసారి 8. అలా పదిసార్లు మడవగలిగితే (పట్టుచీర అయిదో మడతకే మొండికేస్తుంది, అది వేరే సంగతి) 1,024 పొరలవుతాయి. ఇది వెయ్యికి దగ్గరగానే ఉంది కదా అని, తొలిరోజుల్లో కంప్యూటర్ ఇంజనీర్లు 1,024నే కిలో అనడం మొదలుపెట్టారు. వెయ్యికి 24 తేడా అప్పట్లో ఎవరికీ పట్టలేదు.

కానీ ఆ తేడా చక్రవడ్డీలాగా పెరుగుతుంది. కిలో దగ్గర నూటికి 2.4 ఉన్నది మెగా దగ్గర దాదాపు 5, గిగా దగ్గర 7 పైన, టెరాకి వచ్చేసరికి దాదాపు 10 అయింది.

పెన్‌డ్రైవ్ తయారుచేసేవాళ్లు వెయ్యి లెక్కన కొలుస్తారు. వాళ్ల 64 జీబీ అంటే 6,400 కోట్ల బైట్లు. విండోస్ కంప్యూటర్ ఆ బైట్లనే 1,024తో మూడుసార్లు భాగించి 59.6 అంటుంది. అని ఊరుకోకుండా దాని పక్కన మళ్లీ "జీబీ" అనే రాస్తుంది! తగువంతా అక్కడే. అదే కంప్యూటర్‌లో ర్యామ్ 8 జీబీ అంటే మాత్రం కంపెనీవాళ్లు కూడా 1,024 లెక్కే వేస్తారు. ఇక పాత ఫ్లాపీ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని మీద రాసే 1.44 ఎంబీ సగం ఈ లెక్క, సగం ఆ లెక్క. 1,440ని 1,024తో గుణిస్తే వచ్చే 14,74,560 బైట్లన్నమాట.

ఇలాంటి చిక్కు మన పెద్దవాళ్లకూ వచ్చింది. పాత లెక్కలో రూపాయికి 16 అణాలు, అణాకి 4 పైసలు, మొత్తం 64. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 పైసలయ్యాయి. పాత పైసా, కొత్త పైసా కలగాపులగం కాకుండా కొత్తదానికి "నయా పైసా" అని పేరు పెట్టి నాణెం మీద కూడా ముద్రించారు. జనానికి అలవాటయ్యాక 1964లో "నయా" తీసేశారు. 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ కూడా అచ్చంగా ఆ పనే చేసింది. 1,024 లెక్కకి కిబి, మెబి, గిబి, టెబి అని వేరే పేర్లు పెట్టింది. నయా పైసా నోళ్లలో నానింది గానీ పాపం ఈ గిబి మాత్రం ఎవరి నోటికీ ఎక్కలేదు. ఆపిల్ కంపెనీ తన కంప్యూటర్లలో 2009 నుంచి వెయ్యి లెక్కకే మారింది. అందుకే మీ ఇంట్లో 59 చూపించే పెన్‌డ్రైవ్, ఆపిల్ కంప్యూటర్ ఉన్న మీ చెల్లెలింట్లో 64కి దగ్గరగా చూపిస్తుంది.

అమెరికాలో కొన్నవాళ్లు దీని మీద కోర్టుకి కూడా వెళ్లారు. వెస్టర్న్ డిజిటల్ 2006లో, సీగేట్ 2007లో రాజీకొచ్చాయి. సీగేట్ అయితే కొన్న ధరలో నూటికి 5 వెనక్కివ్వడానికి, వద్దంటే సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇప్పుడు చాలా డబ్బాల వెనక "1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు" అని రాసి ఉంటుంది. అక్షరాలు చీమతలకాయంత ఉంటాయి, కళ్లజోడు పెట్టుకుని చదవండి.

మరి మోసాలు లేవా అంటే, ఉన్నాయి. 32కి 29.8, 128కి 119, 500కి 465, వీటికి కాస్త అటూ ఇటూగా ఉంటే నిశ్చింతగా వాడుకోండి. 64 అని కొన్నది 30 చూపిస్తే మాత్రం వెంటనే తిరిగిచ్చేయండి. అంతకంటే ప్రమాదం, కారుచౌకగా అమ్మే 1 టీబీ పెన్‌డ్రైవులు. వాటిలో నకిలీలు కంప్యూటర్‌కి అంకె నిండుగానే చూపిస్తాయి, లోపల ఉండేది గుప్పెడు చోటు. అది నిండాక ఎక్కించిన ఫొటోలు పాడైపోతాయి, ఒక్కోసారి ముందువి కూడా పోతాయి. కొత్తది తెచ్చిన రోజే నిండా ఫైళ్లు ఎక్కించి, మొదట్లోవీ చివర్లోవీ తెరిచి చూసుకోండి. అప్పటిదాకా ఫోన్‌లో ఫొటోలు చెరిపెయ్యకండి.

ఫొటోగ్రాఫర్ ఇచ్చే ఫైళ్లు విండోస్‌లో 61 జీబీ అని చూపిస్తుంటే 64 పెన్‌డ్రైవ్‌లో పట్టవు, 128 తీసుకోవాల్సిందే. డబ్బా మీది జీబీలో నూటికి ఏడు తీసేస్తే కంప్యూటర్ చూపించేది వస్తుంది. టీబీల్లో అయితే నూటికి తొమ్మిది తీసెయ్యాలి. 2 టీబీ పెడితే 1.81 అంటుంది.