ఇద్దరికే బల్ల!

పెళ్లయి ముప్ఫై మూడేళ్లయింది. మావారూ నేనూ కలిసి భోజనానికి కూర్చున్న రోజుల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆయనకి వడ్డించి, పిల్లలకి పెట్టి, అత్తయ్యగారికి మెత్తగా కలిపిచ్చి, ఆఖర్న మిగిలింది వంటింట్లోనే తినేయడం... మీ ఇంట్లోనూ అంతేగా! అలాంటి నేను ఈ ఏప్రిల్లో రోమ్‌లో కొవ్వొత్తి వెలుగులో, ఆయనకెదురుగా కూర్చున్నానంటే నాకే నవ్వొచ్చింది.

మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ‘మీరిద్దరే వెళ్లండి’ అంటూ మమ్మల్ని రైలెక్కించింది. టైబర్ నదికి అవతల ట్రాస్తెవెరె అనే పాత పేట ఉంది. ఆ పేరుకి అర్థమే ‘టైబర్ అవతల’ అని. నల్లరాళ్లు పరిచిన సన్నటి సందులో పది బల్లలున్న చిన్న హోటల్. ఆరున్నరకే వెళ్తే తలుపే తీయలేదు! వాళ్లకి రాత్రి భోజనమంటే ఎనిమిది ప్రాంతంలోనేట.

మేమా శాకాహారులం. కార్బొనారా, అమాత్రిచానా... పేర్లు బాగున్నాయి గానీ రెండింట్లోనూ పంది చెంప మాంసమే. కూరగాయల వంటకాల్లోనూ ఆంకోవీ అనే చిన్న చేప కలిసి ఉండొచ్చు, అడిగి తీరాలి. చివరికి ‘కాచో ఎ పేపే’ చెప్పాం. కాచో అంటే చీజ్, పేపే అంటే మిరియాలు. గొర్రెపాల పెకోరినో చీజ్ తురుము, దంచిన మిరియాలు, పాస్తా ఉడికిన నీళ్లు... అంతే! వెన్న లేదు, క్రీమ్ లేదు. ఆ గంజి నీళ్లే చీజ్‌ని ఉండ కట్టకుండా చిక్కటి సాస్‌గా మారుస్తాయి. మనం గంజి వార్చి పారబోస్తామే!

(ఓ చిక్కుంది. పెకోరినో రొమానో తయారీలో పాలు విరగడానికి గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. నియమం ఉన్నవాళ్లు ముందే చూసుకోండి. నాకు తిన్నాక తెలిసింది. మావారికి ఇది చదివితే తెలుస్తుంది.)

రెండు వేల ఏళ్ల కిందట మన కేరళ తీరం నుంచి ఓడల్లో రోమ్‌కి మిరియాలు వెళ్లేవి. మన దేశానికి తమ డబ్బంతా పోతోందని ప్లినీ అనే రచయిత వాపోయాడు కూడా.

ప్లేట్లు రాగానే అలవాటుకొద్దీ నా చెయ్యి ఆయన ప్లేటు వైపు వెళ్లింది. ‘ముందు నువ్వు తిను, చల్లారిపోతుంది’ అన్నారు. పిల్లల కబుర్లు, ఇంటి పన్ను, పక్కింటివాళ్ల గొడవ పది నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. చెప్పొద్దూ, భయమేసింది కూడా.

‘మిరియాల ఘాటు బాగుంది కదూ. ఇంట్లో అంత ఎండుకారం ఎందుకు వేస్తావు?’ అన్నారు హఠాత్తుగా.

‘మీకోసమేగా! నాకు కారం పడదు.’

‘నీకిష్టమని నేను తింటున్నాను!’

ముప్ఫై మూడేళ్లు! నాకు నవ్వు రాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక్కసారి పక్కన కూర్చుని తిని ఉంటే తేలిపోయే విషయం కదా! ఆయన ఫోర్కు కింద పెట్టేసి, ‘ఇంకేమేం పడవు నీకు?’ అని అడిగారు. చెప్పడం మొదలెట్టాను.

తిరమిసులో గుడ్డుంటుంది, పన్నాకోటాలో జెలటిన్ వేస్తారు. అందుకని నిమ్మకాయ సోర్బెత్తో ఒకటే తెప్పించుకుని రెండు చెంచాలడిగాం. మనం అడగందే అక్కడ బిల్లు తేరు. తెస్తే పొమ్మన్నట్టుంటుందట. పదిన్నర దాటింది. మేం అడగలేదు.